గేటు పడిన పావుగంట

మూడో సంవత్సరం సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకి ట్రాఫిక్ పాఠం మొదలుపెట్టే రోజున నేను బోర్డు మీద ముందుగా రాసే మాట ‘ఆలస్యం’. పుస్తకంలో అది చాలా వెనక వస్తుంది. రోడ్ల వెడల్పులు, మలుపులు, వాహనాల లెక్కలు అన్నీ అయ్యాక గానీ దాని వంతు రాదు. నేను మాత్రం దానితోనే మొదలుపెడతాను. ఎక్కడా ఆగకుండా పోతే పట్టే సమయానికీ, నిజంగా పట్టిన సమయానికీ ఉన్న తేడా ఆలస్యం. ఆ తేడాని అక్కడ ఆగిపోయిన మనుషులందరికీ లెక్క కట్టి, అంతకాలం వృథా పోయిందని తేలుస్తాం. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. వాళ్ళు రాసుకునే ఆ కాస్తసేపూ నేను కిటికీ వైపు తిరిగి నిలబడతాను. వృథా అన్న మాట నా నోటితో నేనే చెప్పి, పిల్లల మొహాలు చూడలేక అలా తిరుగుతాను.

మా కాలేజీ తాడేపల్లిగూడెం దగ్గర. మా ఇల్లు ఏలూరులో. అమ్మ పోయాక నాన్నా నేనూ ఉంటున్నాం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి ఇన్నేళ్ళుగా సమాధానం చెప్పి విసుగెత్తింది కాబట్టి ఇక్కడ చెప్పను. రోజూ పొద్దున్నే కాలేజీ బస్సెక్కుతాను. భీమడోలు దాకా హైవే మీద పోయి, అక్కణ్ణించి బస్సు లోపలి రోడ్డు పడుతుంది. కొల్లేటి వైపు ఊళ్ళ పిల్లల్ని ఎక్కించుకుని, చుట్టు తిరిగి గూడెం చేరాలి. ఆ లోపలి రోడ్డు మీద ఒక రైలు గేటు ఉండేది. మద్రాసు వైపు పోయే బళ్ళూ, విశాఖ వైపు పోయే బళ్ళూ అన్నీ దాని మీంచే పోవాలి. అందుకని మా బస్సు అక్కడికి చేరేసరికి తరచు గేటు పడే ఉండేది.

గేటు అవతల, రైలుకట్ట పక్కనుంచే ఒక కాలవగట్టు పోతుంది. ఆ గట్టు వెంట కొంచెం దూరం నడిస్తే మా అక్క అత్తవారి ఊరు.

అక్క ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు లేవు. దానికి కారణం చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. మా నాన్న పురోహితులు. బావగారు స్కూలు మాస్టారే అయినా, వాళ్ళదీ వైదిక కుటుంబమే కాబట్టి పంచాంగం విషయంలో ఎవరికీ తీసిపోరు. ఒక ఏడు బావగారి తండ్రి ఆబ్దికం ఏ రోజున పెట్టాలన్న దాని మీద, మేము వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మాట వచ్చింది. తిథి రెండు రోజుల మీదికి పాకింది. నాన్న చూసే పంచాంగం ముందు రోజంది. వాళ్ళింట్లో చూసే పంచాంగం మర్నాడంది. ఎవరి పద్ధతి వాళ్ళదని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. మీ పంచాంగం తప్పు అన్న దగ్గర మొదలై, అసలు మీకు గణితమే రాదు అన్న దాకా వెళ్ళింది. ఆఖరికి నాన్న లేచి నిలబడి, “ఇంక మీ గడప తొక్కనండి” అన్నారు. బావగారు, “మా ఇంటి మనిషి కూడా మీ గడప తొక్కదండి” అన్నారు. ఇద్దరూ అండీ అండీ అంటూనే తెంచుకున్నారు. అప్పటికే విస్తళ్ళు వేసి ఉన్నాయి. మేము తినకుండానే వచ్చి బస్సెక్కాం.

రోజూ మంత్రం చెప్పే నోటితో అన్న మాటని వెనక్కి తీసుకోవడం మా నాన్నకి చేతకాదు. బావగారూ అదే బాపతు. మధ్యవర్తులు వెళ్ళారు, వచ్చారు, ఇద్దరి ఇళ్ళలోనూ కాఫీ తాగారు. ఏమీ జరగలేదు. నాకైతే ఆ ఇద్దరినీ ఒక గదిలో పెట్టి, రెండు పంచాంగాలూ ఇచ్చి, బయట గడియ పెట్టాలనిపించేది.

అయితే వాళ్ళిద్దరూ అన్నది గడప గురించి. గడప లేని చోట ఆ మాట వర్తించదని మా అక్క కనిపెట్టింది.

ఒకరోజు పొద్దున్న గేటు పడింది. బస్సు ఆగింది. పిల్లలు సగం మంది నిద్రలో ఉన్నారు, సగం మంది ఫోన్లలో ఉన్నారు. కిటికీ పక్కన ఎవరో నిలబడ్డట్టుంటే చూశాను. అక్క. గేటు కర్ర కిందనుంచి వంగి ఇవతలికి వచ్చింది. చంకకి హ్యాండుబ్యాగు, చేతిలో స్టీలు డబ్బా. అప్పట్లో తను భీమడోలులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది.

“మీ బస్సు ఈ దారినే పోతుందని మా స్కూలు ఆయా చెప్పిందే. గేటు లేవగానే నేను ఆటో ఎక్కుతాను. ఇదిగో, దబ్బకాయ పచ్చడి. డబ్బా జాగ్రత్త, మా అత్తగారిది” అంది.

తెంచుకున్న తరవాత దాన్ని చూడటం అదే మొదలు. ఇంకా ఏదేదో మాట్లాడాలనుకుని, “ఏవిటే ఇంత చిక్కిపోయావు” అన్నాను. “నువ్వు లావయ్యావులే, ఇద్దరికీ కలిపి సరిపోయింది” అంది. ఒక బండి పోయింది. గేటు ఎత్తలేదు. ఇంకో బండి కోసం ఆపారు. అక్క కిటికీ లోంచి చెయ్యి పెట్టి, నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ రెండో బండి ఎంత మెల్లగా వస్తే అంత బాగుండునని నేను కోరుకున్నాను. ట్రాఫిక్ పాఠాలు చెప్పే మనిషిని అలా కోరుకోవడం అదే మొదలు. తరవాత అలవాటైపోయింది.

అలా కొన్నేళ్ళు నడిచింది. గేటు పడని రోజులూ ఉండేవి. అప్పుడు బస్సు దడదడలాడుతూ పట్టాలు దాటిపోయేది. గేటు గది పక్కన నిలబడ్డ అక్క చెయ్యి ఎత్తేలోపే దాటిపోయేవాళ్ళం. ఒక గూడ్సు పోయేంత సేపు ఆగిన రోజు నాలుగు మాటలు దొరికేవి. రెండు బళ్ళ కోసం ఆగిన రోజు మాత్రం పావుగంట. పావుగంటలో ఎన్ని చెప్పుకోవచ్చో నాకు తెలుసు. అక్క దగ్గరున్న అమ్మ పట్టుచీర ఎలుక కొట్టిందని చెప్పుకున్నాం. నా మోకాలి నొప్పి, వాళ్ళ గేదె ఈనడం, నాన్నకి కళ్ళలో శుక్లాలు, బావగారికి ముందుముందు రాబోయే పెన్షను లెక్కలు అన్నీ చెప్పుకున్నాం. ఒక్కోరోజు ఏమీ చెప్పుకునేవాళ్ళం కాదు. అక్క నా పమిట పిన్ను సరిచేసి, జడలో చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కి తోసేది. యాభయ్యో పడిలో పడుతున్న లెక్చరర్ని నేను. వెనక సీట్లో పిల్లలు చూస్తున్నారని తెలిసి కూడా తల వంచి ఇచ్చేదాన్ని.

ఫోన్లు లేవా అంటారు. ఉన్నాయి. ఫోన్లో మా అక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది. గేటు దగ్గర మొహం చూస్తేనే సంగతి తెలిసేది.

సాయంత్రం ఇంటికి వచ్చి డబ్బాలోది గిన్నెలోకి తీసి వడ్డించేదాన్ని. చింతచిగురు పొడి, కొబ్బరి పచ్చడి, ఒక్కోసారి మినపసున్ని. నాన్న ఇది ఎవరు చేశారని ఒక్కనాడూ అడగలేదు. రెండోసారి అన్నం పెట్టించుకునేవారు. చెయ్యి కడుక్కుని వచ్చి, పడక్కుర్చీలో కూర్చుని, “ఇవాళ గేటు పడిందా అమ్మా?” అనేవారు. పడింది నాన్నా అంటే, “ఎంతసేపు?” అనేవారు. రైళ్ళ రాకపోకల మీద ఈయనకి ఇంత శ్రద్ధ ఎందుకో అనుకునేదాన్ని. నిజంగానే అలా అనుకున్నాను. చదువు చెప్పేవాళ్ళకి ఎదురుగా ఉన్నది కనపడదు.

అలా ఉండగా ఒక ఎండాకాలం, రోడ్ల ఆఫీసు నుంచి మా డిపార్టుమెంటుకి కబురొచ్చింది. ఆ గేటు తీసేసి, పైన వంతెన కట్టాలా అక్కర్లేదా అని తేల్చడానికి ముందుగా వాహనాల లెక్క కావాలట. ఆ పని నాకు పడింది. లెక్క పద్ధతి చాలా సులువు. రోజు మొత్తంలో గేటు మీంచి పోయే రైళ్ళెన్నో చూడాలి. రోడ్డు మీద పోయే వాహనాలెన్నో చూడాలి. లారీకింత, ఆటోకింత అని వాహనాలకి ఒక విలువ వేసి, వాటినీ రైళ్ళనీ గుణించాలి. వచ్చిన అంకె ఒక హద్దు దాటితే వంతెన, దాటకపోతే గేటే.

పిల్లల్ని జట్లుగా విడదీసి గేటు పక్కన గొడుగుల కింద కూర్చోబెట్టాను. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అయిదు. ఒకరు లారీలు, ఒకరు ఆటోలు, ఒకరు మోటారు సైకిళ్ళు. ఆకివీడు వైపు నుంచి చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ వచ్చేవి. అవి ఆగిన చోటల్లా రోడ్డు తడిసి, ఐసు కరిగిన వాసన వచ్చేది. నడిచే మనుషులకి ఆ లెక్కలో విలువ లేదు. అయినా పిల్లలకి అలవాటు కావాలని, నడిచేవాళ్ళని కూడా ఇటునుంచి అటు ఎందరు, అటునుంచి ఇటు ఎందరు అని రాయమన్నాను. ఆ పని ఒక ఆడపిల్లకి ఇచ్చాను. వట్టి అమాయకురాలు, కానీ గీత తప్పని పిల్ల.

ఆ రోజుల్లో పొద్దున్న పిల్లల్ని గేటు దగ్గర దింపి, నా క్లాసులు ఉన్నాయి కాబట్టి అదే బస్సులో కాలేజీకి పోయి, మధ్యాహ్నం తిరిగి వచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం వచ్చేసరికి ఆ పిల్ల లేచి నిలబడింది.

“మేడమండీ, ఒకావిడ దగ్గర నాకు తేడా వస్తోందండి. ఎటేపు రాయాలో తెలియట్లేదండి.”

“ఎటునుంచి ఎటు వెళితే అటు రాయి.”

“ఎటూ వెళ్ళట్లేదండి. గట్టు మీంచి వస్తారండి. గేటు పడితే ఇటు దాటి బస్సు దగ్గరికొస్తారు, బస్సు వెళ్ళిపోయాక మళ్ళీ అటే దాటి, గట్టు మీంచి వెనక్కెళ్ళిపోతారండి. రోజూ ఇంతేనండి.”

“ఏ బస్సు దగ్గరికి?”

“మన బస్సేనండి. మీతో మాట్లాడతారు కదండీ, ఆవిడేనండి.”

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అక్క ఆటో ఎక్కి భీమడోలు వెళ్ళాలి కదా. స్కూలుకి వెళ్ళాలి కదా. గేటు లేవగానే ముందు బస్సు కదులుతుంది. బస్సు కదిలాక నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు, చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు. ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని నా సమాధానం కోసం నిలబడింది. “రెండు వైపులా రాయమ్మా” అని చెప్పి, గొడుగు కింద నీళ్ళ సీసా తీసుకుని తాగాను.

మర్నాడు గేటు పడింది. అక్క వచ్చింది. అదే హ్యాండుబ్యాగు, ఇస్త్రీ చీర, నుదుటి మీద చెమట.

“స్కూలు మానేసి ఎన్నాళ్ళయిందే?” అన్నాను.

చేతిలో డబ్బా కిటికీ అంచు మీద పెట్టి, “నీకెవరు చెప్పారే?” అంది.

“మా పిల్లలు లెక్కపెట్టారు.”

“నన్ను కూడానా! ఎంత వేశారేమిటి నాకు?”

“నువ్వు లెక్కలోకి రావే. నడిచేవాళ్ళకి విలువ లేదు.”

అది నవ్వింది. నవ్వి, తలుపు చాటు విషయాలు చెప్పినట్టు గొంతు తగ్గించింది. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడినప్పటినుంచీ ఉద్యోగం మానేసిందట. పొద్దున్న ఆవిడకి అన్నీ చేసి పడుకోబెట్టి, పనిమనిషి ఉన్న కాసేపట్లో గట్టు మీంచి వచ్చి వెళుతోందట. అప్పటికి రెండేళ్ళు దాటింది.

“మరి ఈ బ్యాగెందుకే?”

“లేకపోతే నువ్వడుగుతావుగా. మానేశానంటే, ఇంత ఎండలో నాకోసం రావొద్దంటావు. అన్నావంటే నేనేం చెయ్యనే?”

నాకు కోపం వచ్చింది. ఏడుపు వచ్చేటప్పుడు నాకు ముందు కోపం వస్తుంది. “నీకు బుద్ధుందా?” అని అరిచాను. ముందు సీట్లో పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. అక్క మాత్రం నా చెయ్యి వదల్లేదు. ఎండలో ఒక మనిషి రెండేళ్ళుగా ఎక్కడికీ పోకుండా, నాకోసమని రోడ్డు మీదికి వచ్చి నిలబడి వెళుతోంది. ప్రయాణం ఎందుకు చేస్తారో మేము పాఠం చెబుతాం. ఉద్యోగానికి, చదువుకి, బజారుకి, ఆస్పత్రికి. అందులో దీనికి చోటు లేదు.

తరవాత దానికి అసలు సంగతి చెప్పాను, ఈ గొడుగులూ గీతలూ ఎందుకో. గేటు తీసేస్తారేమో అన్నాను. అక్క గొడుగుల వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది. పురోహితుడి కూతురు. ఊరికే ఉండదు.

“ఏవే, ఇప్పుడు మూఢం కదుటే? ఇప్పుడు లెక్కేమిటి?”

మొదటి రోజు నుంచీ నా మనసులో ఉన్నదే అది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, శుభకార్యమన్నది ఉండదు. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే కొల్లేటి ఊళ్ళ వ్యానులన్నీ ద్వారకా తిరుమలకి ఈ గేటు మీంచే పోతాయి. వాటి వెనక కార్లు, బ్యాండువాళ్ళు, వంటవాళ్ళ ట్రాలీలు. మూఢంలో రోడ్డు ఖాళీ. లెక్క పెట్టమన్నవాళ్ళకి ఇది తెలియదు, నేను చెబితే తప్ప. పిల్లల అంకెలు కూడి చూశాను. హద్దుకి బాగా కింద ఉన్నాయి.

“ఇలాగే పంపించేస్తే గేటు ఉంటుందే” అన్నాను.

ఒక బండి పోయింది. దాని చప్పుడు పోయేదాకా అక్క ఆగింది.

“మా అత్తగారికి నోరు వంకరపోయిన రోజున, కార్లో ఏలూరు తీసుకెళుతుంటే ఈ గేటే పడిందే. ఇదిగో ఇక్కడే, చింతచెట్టు దగ్గర. రెండు బళ్ళకి ఆపారు. నేను ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆస్పత్రిలో డాక్టరుగారు, కాస్త ముందు తెస్తే చెయ్యి వచ్చేదండి అన్నారు.” గొడుగుల వైపు వేలు చూపింది. “మూఢం వెళ్ళాక మళ్ళీ పెట్టవే లెక్క. సరిగ్గా పెట్టు.”

“మరి నువ్వు?”

“నేను లెక్కలోకి రానన్నావుగా” అంది.

మూఢం వెళ్ళాక, పెళ్ళిళ్ళు జోరుగా ఉన్న వారంలో మళ్ళీ గొడుగులు వేయించాను. తేడా ఎందుకొచ్చిందో కాగితం మీద ఇంజనీర్ల భాషలో రాశాను, ఋతువుని బట్టి మార్పులని. పిల్లలు చేతులు నొప్పెట్టేలా గీతలు గీశారు. అంకె హద్దు దాటింది. పంపించేశాను. పంపించి వచ్చిన రోజు సాయంత్రం నాన్న, “ఇవాళ గేటు పడిందా?” అంటే, నేను విసుక్కున్నాను.

వంతెనలు ఒక్కరోజులో లేవవు. నిధులు రావాలి, నేల పరీక్ష చెయ్యాలి, స్తంభాలు లేవాలి. కొల్లేటి ఒండ్రులో పునాదికి ఎంత లోతు పోవాలో నేనే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను. ఆ స్తంభాల పక్కనే గేటు పడుతూనే ఉంది, అక్క వస్తూనే ఉంది. హ్యాండుబ్యాగు మాత్రం మానేసింది. వంతెన కట్టిన ఆ రెండేళ్ళూ మేము మాట్లాడుకున్నంత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక్కో స్తంభం లేచినప్పుడల్లా అక్క తలెత్తి చూసి, “మీ వంతెన బాగా పెరుగుతోందే” అనేది, ఎవరి పిల్లలో ఎదుగుతున్నట్టు.

గేటు ఆఖరి రోజున ఏం మాట్లాడుకున్నామో చెప్పాలని ఉంది గానీ, ఆ రోజు గేటు పడనేలేదు. మేము వెళ్ళేసరికి ఎత్తి ఉంది. డ్రైవరుతో ఆపమనేలోపే దాటేశాం. మర్నాడు కొబ్బరికాయ కొట్టి వంతెన తెరిచారు. కింద పట్టాలకి అటూ ఇటూ గోడ కట్టేశారు.

దిగి వెళ్ళొచ్చు కదా అని మీరడగొచ్చు. రెండుసార్లు దిగాను. తరవాతి బస్సు దొరికి కాలేజీ చేరేసరికి మొదటి క్లాసు అయిపోయింది. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడారు, ఆ మర్యాదే భరించలేకపోయాను. ఆదివారాలు బావగారు ఇంట్లో ఉంటారు, అక్కకి గట్టు మీదికి రావడం కుదరదు. మా డ్రైవరు మంచివాడు. వంతెన దిగే చోట రెండు మూడుసార్లు ఆపాడు. అది కాలవగట్టుకి చాలా దూరం, రెండు వైపులా చేపల చెరువులు, నిలబడడానికి నీడ లేదు. అక్క అక్కడికి ఆయాసపడుతూ వచ్చి, డబ్బా అందించేసరికి వెనకనుంచి లారీలు హారన్లు మొదలుపెట్టేవి. మూడోసారి వచ్చినప్పుడు ఇంట్లో అత్తగారు మంచం మీంచి జారి పడ్డారు. దానితో అంతదూరం రావడం మానేసింది. నేనూ రమ్మనలేదు.

పాత గేటు దాకా మాత్రం వస్తుంది. కాలవగట్టు మీంచి అది దగ్గరే. గోడ పక్కన నిలబడి, తలెత్తి చూస్తుంది. పైనుంచి నేను చూస్తాను. చీర రంగు తెలుస్తుంది, మొహం తెలియదు. వంతెన మీద మా బస్సు ఒక్క నిమిషం కూడా ఉండదు. వంతెనకి ముందూ తరవాతా పోల్చే లెక్క పిల్లలే చేశారు. గేటు దగ్గర ఆలస్యం ఎంతుండేది, ఇప్పుడెంత అని. ఇప్పుడు సున్నా అని రాసుకొచ్చి, వాళ్ళు సంతోషంగా నాకు చూపించారు. సరిగ్గా చేశారు. పూర్తి మార్కులు వేశాను. వంతెన మీంచి అంబులెన్సు పోతుంటే చూశాను, అది ఆగకుండా పోయింది. వంతెన కట్టకుండా ఉండాల్సిందని నేను ఏ రోజూ అనుకోలేదు. నాకు మా అక్క కావాలి, అంతే. కిటికీ లోంచి వచ్చే ఆ చెయ్యి కావాలి.

డబ్బాలు ఆగిపోయాయి. నాన్న అన్నం ఒక్కసారే పెట్టించుకుంటున్నారు. సాయంత్రాలు పడక్కుర్చీలో కూర్చుంటారు గానీ గేటు సంగతి అడగడం మానేశారు. కొన్ని నెలలు అలా గడిచాయి. ఒకరోజు మజ్జిగ తాగుతూ గ్లాసు మధ్యలో ఆపి అడిగారు.

“ఆ వంతెన మీంచి చూస్తే, వాళ్ళ ఊరు కనిపిస్తుందా అమ్మా?”

ఇన్నేళ్ళుగా నాన్న గేటు గురించి ఎందుకు అడిగారో నాకు అప్పుడు తెలిసింది. ఎంతసేపు పడిందని ఎందుకు అడిగారో కూడా. “కనిపిస్తుంది నాన్నా” అన్నాను.

“మీ కాలేజీ నేనెప్పుడూ చూడలేదు” అన్నారాయన, మజ్జిగ గ్లాసులోకి చూస్తూ.

ఆటోలో తీసుకెళ్ళి వంతెన మీద ఆపొచ్చని నాకు తోచింది. అలా అడిగితే ఆయన రారు. అక్కడికని బయలుదేరితే అది వాళ్ళింటికి బయలుదేరినట్టే. కాలేజీ చూడడానికి పోతూ దారిలో కనపడింది చూస్తే, అది మాట తప్పడం కాదు. ఆయన మాటకి ఆయనే వెతుక్కున్న సందు అది. అక్కకి ఫోన్ చేసి, రేపు కుడివైపు రెండో కిటికీ అని చెప్పాను. ఎవరని అడగలేదు.

మర్నాడు నాన్న ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, విభూది పెట్టుకుని బస్సెక్కారు. పిల్లలు లేచి నిలబడి, “రండి తాతగారూ, కూర్చోండి” అని కిటికీ పక్కన చోటిచ్చారు. భీమడోలు దాటినప్పటినుంచీ కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు. పెట్టుకుంటారు, తీస్తారు, మళ్ళీ తుడుస్తారు. వంతెన ఎక్కుతుంటే, “ఇదే నాన్నా, ఇటు చూడండి” అన్నాను.

కింద గోడ పక్కన అక్క నిలబడి ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకుంది, ఎలుక కొట్టినది. ఆ ఎరుపు నాకు ఎంత దూరాన్నించైనా తెలుస్తుంది. రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది, చిన్నపిల్ల ఊపినట్టు. నాన్న ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకున్నారు. బస్సు పోతూనే ఉంది. ఆయన మెడ వెనక్కి తిప్పి, ఇంకా తిప్పి, వంతెన పిట్టగోడ అడ్డం వచ్చేదాకా చూశారు. పెదాలు కదిలాయి, ఏమన్నారో వినపడలేదు. బస్సు దిగువకి వచ్చేసింది. చేపల చెరువులు మొదలయ్యాయి.

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “ఇదివరకు ఇక్కడే కదూ, మీ బస్సు ఆగేది?” అన్నారు.

“అవును నాన్నా.”

“ఒక్కోరోజు పావుగంట ఆగేదన్నావు.”

“అవును.”

నాన్న కిటికీ బయటికే చూస్తున్నారు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

“గేటు పడితే బాగుండునమ్మా” అన్నారు.